సంవత్సరీకం భోజనాలు, పుట్టినరోజు భోజనాల ప్యాకేజీలు కట్టేవాళ్లు జాగ్రత్త

అనాథ పిల్లలకి ఒక పూట భోజనం పెట్టించండి అని మీకు ఫోన్లు వస్తున్నాయా? డబ్బు కట్టే ముందు నా గోడు కాస్త వినండి. నాకు 9,000 పోయింది. నన్ను చూసి మా తమ్ముడు 30,000 పోగొట్టుకున్నాడు. సంస్థ పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. అయినా పేరు తెలిసి మీకు ఒరిగేదేమీ లేదు, బోర్డు మార్చుకోవడం వాళ్లకి ఒక్క పూట పని.

పోయినేడు మాఘమాసంలో అమ్మ సంవత్సరీకం. అమ్మ కుట్టుపని చేసి మా ఇద్దర్నీ చదివించింది. ఆ కుట్టు నేర్చుకున్నది ఆంధ్ర మహిళా సభలో. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1937లో మద్రాసులో మొదలుపెట్టిన సంస్థ అది, తర్వాత హైదరాబాద్‌కీ వచ్చింది. "ఆ మెషీన్ తొక్కడం నేర్పకపోతే మన బతుకులు ఏమయ్యేవో" అని అమ్మ పోయేదాకా అంటూనే ఉండేది. అందుకని భోజనం పెట్టించమని ఫోన్ చేసిన అమ్మాయి "మాది ఆడపిల్లల హోమ్ మేడం, అరవై ఎనిమిది మంది ఉన్నారు" అనేసరికి నేను ఇంకేమీ అడగలేదు.

వాట్సాప్‌లో రేట్ల కార్డు పంపింది. టిఫిన్ 3,500, మధ్యాహ్న భోజనం 7,500, స్వీటుతో అయితే 9,000, రోజంతా అయితే 15,000. అచ్చం కేటరింగ్ వాళ్ల కార్డే. కింద చిన్న అక్షరాల్లో "ఫ్లెక్సీ, ఫొటోలు ఉచితం". నేను స్వీటు ప్యాకేజీ తీసుకుని, పరమాన్నం చేయించమన్నాను, అమ్మకి ఇష్టమని. "తప్పకుండా మేడం, బెల్లంతోనా చక్కెరతోనా?" అని కూడా అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో నా అనుమానాలన్నీ పోయాయి. వచ్చి మా చేత్తో వడ్డిస్తామంటే మాత్రం, పిల్లలకి అమ్మవారు పోసింది, ఈ వారం బయటివాళ్లని రానివ్వడం లేదంది.

ఆ రోజు ఒంటిగంటకి ఫొటో వచ్చింది. నేల మీద భోజనాల బంతి, స్టీలు కంచాలు, చేతులు జోడించిన పిల్లలు, వెనక అమ్మ బొమ్మతో ఫ్లెక్సీ. ఏడుపొచ్చేసింది నాకు. కుటుంబం గ్రూపులో పెట్టాను. డాలస్‌లో ఉన్న తమ్ముడు ఆ రాత్రే ఫోన్ చేసి నంబర్ తీసుకున్నాడు. వాడికి ఇంకో కథ చెప్పారు. హోమ్‌లో ఒక పాపకి గుండెలో రంధ్రం, ఆపరేషన్‌కి తక్కువ పడుతున్నాయి అని. వాడు 30,000 పంపాడు.

మూడు నెలల తర్వాత మా స్కూల్ స్టాఫ్‌రూమ్‌లో లెక్కల టీచర్ వాళ్లాయన పుట్టినరోజు గురించి చెప్తూ ఫోన్ నా చేతికిచ్చింది. "మేం కేకులు మానేశామండీ, ఇలా పిల్లలకి పెట్టిస్తున్నాం" అంది. చూడగానే ఆ పిల్లలు ఎక్కడో తెలిసినట్టే అనిపించారు. నా ఫోన్ తీసి పక్కన పెట్టాను. రెండో వరసలో పసుపు గౌను పిల్ల ఉంది. అందరూ కెమెరా వైపు చూస్తుంటే అది మాత్రం కంచంలోకి చూస్తోంది. ఎడమచేతికి ఎర్రదారం. రెండు ఫోన్లలోనూ అదే పిల్ల, అదే దారం, అదే చూపు. మారింది ఫ్లెక్సీ ఒక్కటే. అదీ నిజం ఫ్లెక్సీ కాదు. పెద్దది చేసి చూస్తే గుడ్డ ముడతలు అమ్మ మొహం దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. గోడ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ ఉంది, అందులో నెల ఆగస్టు. మా సంవత్సరీకం ఫిబ్రవరిలో.

ఇంకో మాట ఒప్పుకోవాలి. ఆ కంచాల్లో పులిహోర, ఒక లడ్డు తప్ప పరమాన్నం లేదని నేను మొదటి రోజే చూశాను. తర్వాత వడ్డిస్తారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆయనెవరో మేనేజర్‌ని పట్టుకుంటే ఏమన్నాడో తెలుసా? "ఫొటో మారిపోయిందండీ, మా స్టాఫ్ పొరపాటు. కావాలంటే ఇంకో ఫొటో తీయించి పంపిస్తాం." భోజనం మాట లేదు. ఆలోచిస్తే అతను అబద్ధమాడలేదు, నేను కొన్నది ఫొటోనే మరి.

రసీదు మీద అడ్రసు పట్టుకుని హైదరాబాద్ శివార్లలోని బోడుప్పల్ వైపు వెళ్లాను. రెండో అంతస్తులో ఒక ఫ్లాట్. వాచ్‌మన్ నవ్వాడు. "పిల్లలెక్కడున్నరమ్మా ఈడ? పది మంది ఆడపిల్లలొచ్చి ఫోన్లు మాట్లాడి పోతరు, గంతే." లోపల గోడకి ఫ్రేము కట్టిన సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంది, దాని మీద ప్రభుత్వ ముద్ర. సామాన్యులు పడిపోయేది అక్కడే. ఏడుగురు మనుషులు కలిసి దరఖాస్తు పెట్టుకుంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద ఆ కాగితం వస్తుంది. అది పిల్లల్ని పెట్టుకోవడానికి అనుమతి కాదు. "నీతి ఆయోగ్ గుర్తింపు ఉంది" అని చెప్పే దర్పణ్ అనే ప్రభుత్వ పోర్టల్ నంబరు కూడా అంతే. పోర్టల్లో పేరు నమోదు చేసుకున్నారని తప్ప, ఎవరో వచ్చి చూసి బాగుందన్నారని కాదు.

నాతో మాట్లాడిన అమ్మాయి మెట్ల దగ్గర కనిపించింది. గొంతు గుర్తుపట్టాను. ఇరవై ఏళ్లుంటాయేమో. తిడదామనే వెళ్లాను, నోరు రాలేదు. జీతం తక్కువ, తెచ్చినదాని మీద కమిషన్, నెలకి ఇంత తేకపోతే రావద్దంటారట. తండ్రి లేడు, ఇంట్లో తమ్ముడు చదువుకుంటున్నాడు. నిరుపేద ఆడపిల్లలకి సాయం అని చెప్పి డబ్బు వసూలు చేస్తున్నది ఒక నిరుపేద ఆడపిల్ల చేతే! ఆ పరమాన్నం ప్రశ్న కూడా కాగితం మీద రాసిచ్చిందేనట. ఎవరేం స్వీటు చెప్పినా "బెల్లమా, చక్కెరా" అని అడగాలట.

తర్వాత మా జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లాను. అక్కడ ఒకావిడ ఓపిగ్గా చెప్పిన సంగతులు మీ అందరికీ తెలియాలి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, 41వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల్ని ఉంచే ప్రతి హోమ్ రిజిస్టర్ అయి ఉండాలి, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా. లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకి తగ్గని జరిమానా, లేదా రెండూ. పిల్లలు అక్కడికి, ఇలాంటి పిల్లల సంగతి తేల్చే బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతోనే వెళ్లాలి. మీకు ఎవరైనా హోమ్ అని చెప్తే, జిల్లా ఆఫీసుకి వెళ్లి గానీ ఫోన్ చేసి గానీ ఈ పేరు మీ జాబితాలో ఉందా అని అడగండి. అంతకంటే తేలికైన పరీక్ష ఇంకోటి లేదు.

రెండో సంగతి విన్నాక నాకు సిగ్గేసింది. అదే చట్టంలో 74వ సెక్షన్. అలాంటి పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో ఏవీ బయటపెట్టకూడదు. పెడితే ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పద్ధతిగా నడిచే హోమ్ మీకు పిల్లల మొహాలు కనిపించే ఫొటో పంపదు. అంటే, ఏ ఫొటో చూసి నేను నమ్మానో ఆ ఫొటో రావడమే నమ్మకూడదనడానికి గుర్తు! పైగా దాన్ని నలభై మంది ఉన్న గ్రూపులో పెట్టింది నేను. "మీరు అడుగుతారమ్మా, అందుకే వాళ్లు పంపుతారు" అంది ఆవిడ. ఏం చెప్పను?

ఇక రసీదు. "80జి ఉంది మేడం, వంద శాతం ట్యాక్స్ ఫ్రీ" అన్నారు. 80జి అంటే విరాళాలకి పన్ను మినహాయింపు. మామూలు స్వచ్ఛంద సంస్థలకిచ్చిన దాంట్లో సగమే ఆదాయంలోంచి తగ్గుతుంది, దానికీ పరిమితి ఉంది. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి అసలు వర్తించదు. నగదుగా 2,000 దాటి ఇస్తే లేదు. ఇవన్నీ ఒక ఎత్తు, 10బీఈ అనే సర్టిఫికెట్ ఒక ఎత్తు. నిజంగా 80జి ఉన్న సంస్థ, ఎవరెవరు ఎంతిచ్చారో ఆదాయపన్ను శాఖకి లెక్క దాఖలు చేసి, ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోపు మీకు ఆ కాగితం ఇవ్వాలి. నాకు రాలేదు. రసీదు మీద 80జి నంబరు నిజమైనదే, కానీ అది ఇంకెవరో ట్రస్టుదని మా ఆడిటర్ ఐదు నిమిషాల్లో తేల్చాడు. నేను డబ్బు వేసిన క్యూఆర్ కోడ్ సంస్థది కూడా కాదు. పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద ఒక మనిషి పేరు వచ్చింది. ట్రెజరర్ గారేమో అనుకున్నాను! సంస్థ పేరు మీద ఉన్న ఖాతాకి తప్ప రూపాయి వేయకండి.

తమ్ముడి ఆపరేషన్ కథకి వస్తాను. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకి పిల్లల గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి పది లక్షలు. కాబట్టి ఎవరైనా అడిగితే మొదట ఆరోగ్యశ్రీకి పెట్టారా అని అడగండి. పెట్టినా వర్తించలేదంటే ఏ ఆసుపత్రి, పేషెంట్ నంబరెంత అని అడిగి, ఆసుపత్రి బిల్లింగ్‌కే ఫోన్ చేసి నేరుగా వాళ్ల ఖాతాకే కట్టండి. మేం ఈ రెండు ప్రశ్నలు అడిగాక అవతలి ఫోన్ మళ్లీ ఎత్తలేదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. మా తమ్ముడిది ఇంకా ఇండియా పాస్‌పోర్టే. వాడు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. మా మరదలు మాత్రం అమెరికా పౌరురాలు, ఆమె ఇస్తే వస్తుంది. దానికి ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, ఉండాలి, డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే పడాలి. "మీ పాస్‌పోర్టు ఏదైనా పర్లేదు సార్, ఇదే గూగుల్ పే నంబర్" అన్నారంటే అక్కడితో ఆపేయండి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాను. డబ్బు పోయిన వెంటనే చేస్తే ఖాతాలో ఉన్నది ఆపించే అవకాశం ఉంటుందట, నేను మూడు నెలల తర్వాత చేశాను. స్టేషన్‌లో పిటిషన్ తీసుకున్నారు. నాతో పాటు లెక్కల టీచరూ సంతకం పెట్టింది. ఇంకా ముగ్గురు దొరికారు, ముగ్గురి ఫోన్లలోనూ పసుపు గౌను పిల్ల ఉంది. ఆ పిల్ల ఎవరో, ఏ ఊళ్లో ఏ వేడుకలో తీశారో, దాని అన్నం ఫొటో ఎన్ని ఇళ్లకి తిరిగిందో ఆ తల్లిదండ్రులకి తెలుసో లేదో. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పాను.

దీంతో మా ఆయనలాగా "ఇక ఇవ్వడమే మానేద్దాం" అనకండి. బాలకార్మికుల్ని బడికి పంపిన ఎం.వి. ఫౌండేషన్, 1996 నుంచి అక్రమ రవాణా నుంచి ఆడపిల్లల్ని విడిపిస్తున్న ప్రజ్వల, ఇవీ మన హైదరాబాద్‌లోవే. పెద్ద పేరు లేకుండా పని చేసుకుపోయేవి ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఈ ఏడు అమ్మ తద్దినానికి జిల్లా జాబితాలో ఉన్న ఒక ఆడపిల్లల హోమ్‌కి ముందు రోజే ఫోన్ చేశాను. పరమాన్నం తెస్తానంటే వార్డెన్ వద్దంది. బయట వండినది తీసుకోరట. "మీకు పెట్టాలనే ఉంటే శానిటరీ ప్యాడ్లు, లోపలి బట్టలు, బడి బూట్లు కావాలమ్మా, సైజులు రాసి పంపిస్తాను" అంది. గేటు దగ్గర ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టారు. ఆఫీసు గదిలోనే కూర్చోబెట్టి, లెక్క చూసుకుని, రసీదు రాసిచ్చారు. పిల్లలు పక్క గదిలో ఎక్కాలు చదువుతుంటే విన్నాను, చూడలేదు.

రాత్రి గ్రూపులో తమ్ముడు అడిగాడు: "అక్కా, ఫొటో ఏదీ?"

వార్డెన్ పంపిన చీటీ ఫార్వర్డ్ చేశాను. నల్ల బూట్లు. 2 నంబరు మూడు జతలు, 3 నంబరు ఎనిమిది, 4 నంబరు ఐదు. కింద వేరే పెన్నుతో: 5 నంబరు ఒకటి, వెడల్పుగా ఉండాలి, ఆ పాప పాదం కాలింది.