బీరువాలో తేమ డబ్బా: ఒక వానాకాలమంతా వాడి చూశాక

పోయిన ఏడాది బతుకమ్మ పండుగకు ముందు అమ్మ బీరువా తెరిచి పట్టుచీరలు బయటకు తీసినప్పుడు మడతల అంచుల వెంట తెల్లటి మచ్చలు కనిపించాయి. కింది అరలో చుట్టిపెట్టిన జంపఖానాను విప్పగానే ముక్క వాసన గదంతా పరుచుకుంది. అది మా తాతయ్య కొత్తవాడలో దగ్గరుండి నేయించుకున్నది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు రావడానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచి మా ఇంట్లో ప్రతి పెళ్లికీ పేరంటానికీ పరుస్తూ వచ్చినది. దాని ఎర్ర చారల మీద బూడిద రంగు బూజు చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఈ వానాకాలానికి తేమను పీల్చే డబ్బాలు తెచ్చిపెట్టాలని ఆ రోజే అనుకున్నాను. జూన్ నుంచి అక్టోబరు వరకు వాటిని వాడుతూ, ఎక్కడ పనిచేశాయో ఎక్కడ చేయలేదో రాసిపెట్టుకున్నాను.

మాది హనుమకొండలో పల్లంలో ఉన్న పాత ఇల్లు. 2023 జులై చివరి వారంలో నగరంలోని కాలనీలను వరద ముంచెత్తినప్పుడు మా వాకిట్లోనూ నీళ్లు నిలిచాయి. పడక గదికి ఉత్తరాన ఉన్న గోడ అప్పటి నుంచి పూర్తిగా ఆరలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందో అందరికీ తెలుసు. ముసురు పట్టాక అదే గాలిలో ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. కాబట్టి మన ప్రాంతంలో ఈ డబ్బాల అవసరం ఏడాదిలో నాలుగైదు నెలలే.

డబ్బా లోపల ఉండేది కాల్షియం క్లోరైడ్ అనే లవణం. వానాకాలంలో జాడీలోని కల్లుప్పు చెమ్మగిల్లి ముద్ద కావడం మనం చూస్తూనే ఉంటాం. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటినప్పుడే వంట ఉప్పు నీరు కారుతుంది. కాల్షియం క్లోరైడ్ మాత్రం తేమ 30 శాతం దగ్గర ఉన్నా గాలిలోని నీటిని లాక్కుని అందులోనే కరిగిపోతుంది. డబ్బా పై భాగంలోని తెల్లటి గుళికలు కరిగి, జల్లెడ వంటి పళ్లెం గుండా కింది భాగంలోకి చుక్కలు చుక్కలుగా దిగుతాయి. నేను కొన్న డబ్బాలో 600 మిల్లీలీటర్ల ద్రవం చేరితే నిండినట్లు లెక్క. కరెంటు అక్కర్లేదు, చప్పుడు ఉండదు.

ఒక డబ్బాను పడక గదిలో తడి గోడ పక్కన, ఒకదానిని ఇనుప బీరువాలో, మరొకదానిని అద్దాల తలుపులున్న పుస్తకాల అల్మారాలో పెట్టి, మూడు చోట్లా తేమను కొలిచే చిన్న మీటర్లు ఉంచాను. పడక గది డబ్బా 12 రోజుల్లో నిండిపోయింది. ఇంట్లో అందరూ దానినే మెచ్చుకున్నారు, ఎందుకంటే అన్ని నీళ్లు కళ్లెదుట కనిపిస్తున్నాయి. కానీ మీటరు మొదటి రోజు 85 శాతం చూపితే పన్నెండో రోజు కూడా 84 దగ్గరే ఉంది. బీరువాలోని డబ్బా నిండడానికి 48 రోజులు పట్టింది. అక్కడ తేమ మాత్రం పది రోజుల్లో 81 నుంచి 57కు దిగి, అక్కడే నిలిచింది. డబ్బా త్వరగా నిండిందంటే అది బాగా పనిచేసినట్లు కాదని, బయటి తేమ ఆగకుండా లోపలికి వస్తున్నదని అర్థం. ఈ డబ్బాలు కొనేవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఇదేనని నా అభిప్రాయం.

చిన్న లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. తేమ 85 శాతం అంటే అందులో 85 శాతం మేర ఆవిరి ఉన్నట్లు. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో దాదాపు 41 ఘనమీటర్ల గాలి ఉంటుంది. దాని తేమను 85 నుంచి 55 శాతానికి దించాలంటే 370 గ్రాముల నీటిని తీయాలి. మా డబ్బా రోజుకు తీసింది 50 గ్రాములే. ఈలోగా తలుపు తెరిచిన ప్రతిసారీ వాన గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, గోడ తన వంతు తాను వదులుతూనే ఉంటుంది. బీరువాలో ఉన్నది ఒక ఘనమీటరు కూడా లేని గాలి. అక్కడ ఎనిమిది గ్రాములు తీసినా చాలు.

అయితే బీరువాలో గాలి ఒక్కటే ఉండదు, బట్టలూ ఉంటాయి. పొడిగా అనిపించే నూలు బట్టలో కూడా దాని బరువులో ఏడెనిమిది శాతం వరకు నీరు దాగి ఉంటుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. అందుకే డబ్బా పెట్టడానికి ముందు, మే నెల ఎండలోనే, నూలు బట్టలన్నీ ఎండబెట్టి సర్దుకోవడం మంచిది. పట్టుచీరలను మాత్రం నీడలో గాలికి ఆరవేయాలి. పుస్తకాల అల్మారాలో తలుపుల మధ్య సందు ఉండటం వల్ల తేమ 66 దగ్గర ఆగిపోయింది. సందుకు స్పాంజి పట్టీ అతికించాక 60కి వచ్చింది. సాధారణంగా తేమ 70 శాతం దాటి చాలా రోజులు నిలిచిన చోట బూజు పెరుగుతుంది కాబట్టి, 60 దగ్గర ఉంచగలిగితే పుస్తకాలకు భయం ఉండదు.

ఆగస్టులో నా చేతి నుంచి ఒక తప్పు జరిగింది. సగం నిండిన డబ్బాను అర మీద నుంచి తీస్తుంటే ఒరిగి, చారెడు ద్రవం బీరువా అడుగున ఒలికింది. పొడి గుడ్డతో తుడిచి వదిలేశాను. వారం తర్వాత చూస్తే ఆ చోటు ఇంకా తడిగానే, వేలికి నూనెలా జారుతూ ఉంది. రంగు పొట్టు లేచిన చోట తుప్పు ముదురు గోధుమ రంగులో చుక్కలు కట్టింది. ఆ ద్రవం ఆరదు. ఆరకపోగా గాలిలోని తేమను ఇంకా లాగుతుంది, ఇనుమును తినేస్తుంది. ఒలికితే మంచి నీళ్లతో నాలుగైదుసార్లు కడిగి తుడవాలి. తోలు చెప్పులకు, బెల్టులకు అది తగలకూడదు, పిల్లల చేతికి అందకూడదు. అప్పటి నుంచి డబ్బాను అంచు ఉన్న స్టీలు పళ్లెంలో పెట్టి, అన్నిటికంటే కింది అరలో ఉంచుతున్నాను.

భూమి కాగితాలు, సర్టిఫికెట్లు, కెమెరా వంటి వాటి దగ్గర ఈ ద్రవం ఉండటమే మంచిది కాదు. వాటికి మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేశాను. అది తన బరువులో మూడో వంతు వరకు నీటిని పట్టుకుంటుంది, కరిగి కారదు. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చకు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్లీ వాడుకోవచ్చు. ఇక అమ్మ చిన్నప్పటి నుంచి నమ్ముకున్న కలరా ఉండలు పురుగులను ఆపుతాయి గాని, తేమను ఒక్క చుక్క కూడా తీయవు.

పడక గది గోడ సంగతి డబ్బాలతో తేలలేదు. పునాది నుంచి ఇటుకల గుండా నీరు పైకి పాకి, మోకాలి ఎత్తు వరకు సున్నం పొడిగా రాలుతోంది, తెల్లటి ఉప్పు పొంగుతోంది. చూడటానికి వచ్చిన మేస్త్రి గోడను అరచేత్తో తడిమి, "గోడ నీళ్లు తాగుతుంటే డబ్బా ఏం జేస్తది సార్?" అన్నాడు. ఆ గోడకు బయటివైపు మట్టి తీయించి, వాన నీరు అక్కడ నిలవకుండా వాలు పెట్టించాం. ఎండలు ముదిరి గోడ పూర్తిగా ఆరాక కొత్తగా గిలాబు చేయించాలి.

ఒక్కో డబ్బాకు 150 రూపాయల లోపే అయింది. వచ్చే జూన్‌కు బీరువాకు మూడు, పుస్తకాలకు నాలుగు కొంటాను. పడక గదికి ఒక్కటీ కొనను. ఈసారి బతుకమ్మకు విప్పిన జంపఖానాలో పాత మరక లీలగా మిగిలి ఉంది కాని, వాసన లేదు.