రెండు లెన్సుల యాషికానా, బుల్లి ఒలింపసా?

షోకేసులో పెట్టుకోవడానికైతే ఈ చర్చే అక్కర్లేదు, యాషికా మ్యాట్ 124జీ ఫిల్మ్ కెమెరా కొనేయండి. చెన్నై ఎండలో, జనంలో మెడకు తగిలించుకుని తిరగాలంటే మాత్రం పక్కన ఒలింపస్ ఓఎం-1ని పెట్టి చూడాలి. రెండూ జపాన్‌వే. యాషికా 1970లో వచ్చింది, ఒలింపస్ 1972లో.

యాషికా తన పనితనాన్ని దాచుకోదు. పై లెన్స్ మనం కెమెరా నెత్తిమీది తెరలో చూడటానికి, కింది లెన్స్ ఫిల్మ్ మీద బొమ్మ పడటానికి. పైన ఏటవాలు అద్దం, కింద చదరపు ఫిల్మ్ పట్టాలి కాబట్టే ఆ పెట్టె నిలువుగా పెరిగింది. 1929 నాటి జర్మన్ కెమెరా రోలీఫ్లెక్స్ పోలిక అది. లెన్సుల మధ్య చెరోవైపు ఓ చిన్న చక్రం: ఒకటి షట్టర్ స్పీడుకి, ఒకటి అపర్చర్‌కి, అంటే వెలుతురు పోయే రంధ్రానికి. బొటనవేళ్లతో తిప్పుతుంటే అంకెలు పై లెన్స్ నెత్తిమీది కిటికీలో మారతాయి. ఫ్రేము చూడటానికి ఎలాగూ తల దించాం, అంకెలూ అక్కడే ఉన్నాయి. నాకు ఈ కెమెరాలో అన్నిటికంటే అందమైన చోటు అదే.

మైలాపూర్‌లో పూలమ్మే అవ్వ ముందు నిలబడితే ఆమెకు గురిపెట్టినట్టు ఉండదు, తల వంచుకుని నిలబడినట్టు ఉంటుంది. అరవైముగ్గురు నాయనార్ల ఊరేగింపులో జనం అడ్డమొస్తే కెమెరాని తలకిందులుగా పైకెత్తి, కింద నుంచి తెరలోకి చూసి తీయొచ్చు. చిక్కల్లా ఆ తెరలో కుడి ఎడమలు తారుమారు కావడం. కాశిమేడు రేవులో కదిలే పడవ వెంట తిప్పబోతే చేతులు ఎదురుదిక్కుకి పోతాయి. పైగా కిలో దాటిన బరువు, రోలుకి పన్నెండే ఫోటోలు.

ఓఎం-1 బాడీ అరకిలో. డిజైనర్ యోషిహిసా మైతానీ దాన్ని చిన్నది చేసి ఊరుకోలేదు, మీటలు ఉండాల్సిన చోటునీ మార్చాడు. షట్టర్ స్పీడు రింగు లెన్స్ మొదట్లో, అపర్చర్ చివర్లో, ఫోకస్ మధ్యలో. మూడు పనులూ ఎడమ చెయ్యే చేస్తుంది, వ్యూఫైండర్ నుంచి కన్ను తియ్యక్కర్లేదు. పైన స్పీడు డయల్‌లా కనిపించేది నిజానికి ఫిల్మ్ స్పీడుది, అంటే ఫిల్మ్ వెలుతురుని ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పేది. అలవాటు లేనివాళ్లు దాన్నే తిప్పి ఎక్స్‌పోజర్ పాడు చేసుకుంటారు. (మొదట దీని పేరు ఎం-1. ఎం పేర్లు తమవన్న జర్మన్ కెమెరా కంపెనీ లైకా వాళ్లు ఊరుకోలేదు, అందుకే ముందు ఆ ‘ఓ’.)

యాషికా వాళ్లదే ఇంకో కెమెరా, ఎలక్ట్రో 35 సంగతేంటని అడుగుతారేమో. చూడ్డానికి బాగుంటుంది, కానీ దాని షట్టర్ బ్యాటరీని నమ్ముకుంది. ఈ రెండిటికీ బ్యాటరీ వెలుతురు కొలిచే మీటర్‌కే కావాలి.

ఇంట్లోవాళ్ల పోర్ట్రెయిట్లకు యాషికా. ఒక్కటే కొంటానంటే ఓఎం-1. యాషికా ప్రతి ఫోటోకీ ముందు తనని చూడమంటుంది. ఓఎం-1 చేతిలో ఉన్న సంగతే గుర్తుండదు, నాకు కావాల్సిన డిజైన్ అదీ.

ఏది కొన్నా ముందు లెన్స్‌లోకి టార్చ్ వేసి చూడండి, సముద్రపు తేమకి ఫంగస్ త్వరగా పడుతుంది. ఓఎం-1లో బొమ్మని వ్యూఫైండర్‌కి చేర్చే గాజు ప్రిజం మీది స్పాంజి కుళ్లి వెండిపూతని తినేస్తుంది. వ్యూఫైండర్‌లో నల్లమచ్చలు కనబడితే మొహమాటపడకుండా బేరమాడండి.