బెల్‌గ్రేడ్‌లో యుగోస్లావియా నడక టూర్: 3 స్టార్లు, తగ్గించిన రెండూ ఒక్క స్టాప్ వల్లే

పోయిన నెల ఆఫీసు పని మీద సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ వెళ్ళినప్పుడు ఒక శనివారం ఖాళీ దొరికింది. యుగోస్లావియా ఎలా విడిపోయిందో చెప్పే నడక టూర్ ఒకటి ఉందంటే బుక్ చేసుకున్నాను. మూడు గంటలు, మనిషికి 25 యూరోలకి సరిపడా దినార్లు, మొత్తం తొమ్మిది మందిమి. మనం సోషల్ పుస్తకంలో చదివిన బెల్‌గ్రేడ్ టిటో, నెహ్రూ, 1961 అలీన దేశాల సమావేశం దగ్గరే ఆగిపోతుంది కదా, ఆ తర్వాత కథ అదే ఊళ్ళో నడుస్తూ వినాలనిపించింది.

గైడ్ చదువుకున్న మనిషి. టైముకి వచ్చారు, గ్రూపులో పెద్దావిడ ఒకరుంటే ఆవిడ నడకని బట్టే అందరినీ నడిపించారు. ఆ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

నా బాధంతా క్నేజ్ మిహాయిలోవా వీధిలో, సైన్సెస్ అకాడమీ భవనం ముందు ఆగినప్పటిది. 1986లో ఈ అకాడమీ మేధావులు రాసిన మెమొరాండం ముసాయిదా పత్రికకెక్కి దేశాన్ని కుదిపేసింది. అప్పుడు సెర్బియాలో భాగమై, అల్బేనియన్లు ఎక్కువగా ఉన్న కొసొవోలో సెర్బులకి జరుగుతున్న అన్యాయానికి గుర్తుగా అందులో ఒక కేసు ప్రస్తావించారు. ఆ కేసు గురించి గైడ్ చెప్పింది ఇంతే: "ఇద్దరు అల్బేనియన్లు ఒక సెర్బు రైతుని ఘోరంగా హింసించారు, ప్రభుత్వం దాచేసింది." చెప్పి ట్యాబ్‌లో ఒక బొమ్మ చూపించారు. చిత్రకారుడు మిచా పొపొవిచ్ వేసిన బొమ్మ అది, ఆ రైతుని తెల్ల టోపీల అల్బేనియన్లు శిలువ మీదికి లాగుతున్నట్టు ఉంటుంది. గాయం ఎలాంటిదో వివరిస్తుంటే వెనక ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు. ఆయన ఆపలేదు, చెప్పుకుంటూ పోయారు. నాకు చాలా కష్టంగా అనిపించింది.

వెళ్ళే ముందు నేను కాస్త చదివాను కాబట్టి ఆయన వదిలేసింది ఇక్కడ రాస్తున్నాను. 1985 మే 1న కొసొవోలోని గ్నిలానే పట్నంలో (అల్బేనియన్లకి అది జిలాన్) 56 ఏళ్ళ సెర్బు రైతు ఒకాయన, సైన్యంలో సివిల్ ఉద్యోగి కూడా, మలద్వారంలో సీసా గుచ్చుకున్న గాయంతో ఆసుపత్రికి వచ్చాడు. తన పొలంలో అల్బేనియన్ మాట్లాడే ఇద్దరు తనని పట్టుకుని ఇలా చేశారన్నాడు. కొద్ది రోజులకే, ఇది తనకి తానే చేసుకున్నట్టు ఒప్పుకున్నాడని అధికారులు ప్రకటించారు. ఒత్తిడి పెట్టి అలా చెప్పించారని ఆయన మాట వెనక్కి తీసుకున్నాడు. బెల్‌గ్రేడ్‌లో పరీక్షించిన డాక్టర్లు ఇది ఒక్కడు తనకి తాను చేసుకోగలిగింది కాదన్నారు, తర్వాత ల్యుబ్ల్యానా (అదే దేశంలోని స్లొవేనియా రాజధాని) ఫోరెన్సిక్ నిపుణుల బృందం చేసుకునే వీలుందని తేల్చింది. ఎవరికీ శిక్ష పడలేదు. కానీ పోలితికా లాంటి పత్రికలు నెలల తరబడి రాశాయి, 1986 జనవరిలో దాదాపు 200 మంది మేధావులు కొసొవో సెర్బుల తరఫున ఒక వినతిపత్రం మీద సంతకాలు పెట్టారు, ఈ కేసుని పాత తురుష్కుల కాలంలో మనిషిని శూలానికి గుచ్చి చంపే శిక్షతో పోల్చారు. 1987లో సెర్బియా కమ్యూనిస్టు పార్టీ నాయకుడు మిలోషెవిచ్ కొసొవో పోల్యే పట్నానికి వచ్చి నిలబడేసరికి సెర్బుల కోపం అప్పటికే రగిలి ఉంది.

అవతలి వైపూ ఇలాంటి గాయం ఉంది. 1990 మార్చిలో కొసొవో బడుల్లో వేల మంది అల్బేనియన్ పిల్లలు ఒకేసారి జబ్బుపడ్డారు. సెర్బులు విషం పెట్టారని వాళ్ళ తల్లిదండ్రులు, అంతా సామూహిక భయం అని బెల్‌గ్రేడ్ అధికారులు. ఆ గొడవ నేటికీ తెగలేదు. ఇది కూడా టూర్‌లో లేదు.

ల్యుబ్ల్యానా డాక్టర్ల సంగతి అడిగితే "అదంతా రాజకీయం" అని గైడ్ ముందుకు కదిలారు. బెల్‌గ్రేడ్ డాక్టర్ల మాట సైన్సూ, ల్యుబ్ల్యానా డాక్టర్ల మాట రాజకీయమూ ఎలా అవుతాయండీ? ఆ రైతు పేరు నేను రాయడం లేదు, బతికున్నంత కాలం ఆ పేరుని అటూ ఇటూ అందరూ వాడుకున్నారు. ఆయన చెప్పింది నిజమైతే అంత ఘోరం పడ్డ మనిషిని అబద్ధాలకోరు అన్నారు, నిజం కాకపోతే చెప్పుకోలేని స్థితిలో ఉన్న ఒక మనిషిని జెండా చేసి ఊరేగించారు. ఎలా చూసినా ఆయన బొమ్మ చూపించి నవ్వులకి వదిలేయకూడదు.

ఇంకా బాధేంటంటే ఇదే గైడ్ ఆఖరి స్టాప్‌లో ఎంతో బాగా చెప్పారు. కొసొవో యుద్ధంలో, 1999 ఏప్రిల్ 23 తెల్లవారుజామున నాటో బాంబు వేసిన ప్రభుత్వ టీవీ భవనం, పక్కనే తాష్‌మైదాన్ పార్కులో చనిపోయిన 16 మంది ఉద్యోగుల పేర్లున్న రాయి, దాని మీద "ఎందుకు?" అన్న ఒక్క మాట. అక్కడ బాంబు వేసినవాళ్ళ గురించీ చెప్పారు, ఉద్యోగుల్ని బయటికి పంపనందుకు జైలుకి వెళ్ళిన టీవీ డైరెక్టర్ గురించీ చెప్పారు. మాలో ఎవరికీ నోట మాట రాలేదు, ఆయన కూడా కాసేపు మౌనంగా ఉండనిచ్చారు. ఇక్కడ రెండు వైపులా చూడగలిగిన మనిషి అకాడమీ ముందు ఎందుకు చూడలేకపోయారు?

ఇవన్నీ కంపెనీకి మెయిల్ రాశాను, ఆ బొమ్మ తీసేయమని, అకాడమీ దగ్గర ఇంకో పది నిమిషాలు ఇవ్వమని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. మీరు వెళ్తే ఆ టీవీ భవనం కోసమైనా తప్పకుండా వెళ్ళండి, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని మాత్రం తీసుకెళ్ళొద్దు. అకాడమీ ముందు ఆగినప్పుడు ల్యుబ్ల్యానా డాక్టర్లు ఏమన్నారో గైడ్‌ని మీరు కూడా అడగండి.