ఎలుక ఊపిరితిత్తుల క్యాన్సర్ సెల్ లైన్లు: దీర్ఘకాల వాడకం తరువాత సమీక్ష

మనుషుల ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు నమూనాలుగా మా ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పెంచిన ఎలుక సెల్ లైన్లలో (అంటే ఒక కణితి నుంచి తీసి పాత్రల్లో ఎడతెగకుండా పెంచే కణాల వంశాలలో) లూయిస్ లంగ్ కార్సినోమా, అంటే ఎల్‌ఎల్‌సీ, అందరికంటే ముందు చేతికి వచ్చేది. 1951లో సీ57బీఎల్ అనే ప్రయోగశాల జాతి ఎలుకలో దానంతటదే పుట్టిన కణితి నుంచి వచ్చిన ఈ లైన్ త్వరగా పెరుగుతుంది, పెద్దగా ఇబ్బంది పెట్టదు. దీని ఆదరణకు సగం కారణం ఈ సౌలభ్యమేనని నా అనుమానం.

జన్యువుల అక్షరక్రమాన్ని చదివే సీక్వెన్సింగ్‌తో చూస్తే కథ మారుతుంది. పొగతాగేవారి అడినోకార్సినోమాలో (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక ప్రధాన రకం) తరచుగా కనిపించే కేరాస్ జీ12సీ మ్యుటేషన్, అంటే కణం పెరుగుదలను నడిపే కేరాస్ జన్యువులో ఒక మార్పు, ఎల్‌ఎల్‌సీలో ఉన్నందున, ఆ మార్పునే అడ్డుకునే, 2021లో అమెరికాలో అనుమతి పొందిన సోటోరాసిబ్ వంటి మందులను పరీక్షించడానికి ఇదే తగినదని అనిపిస్తుంది. అయితే దానితోపాటు కేరాస్‌కు దగ్గరి బంధువైన ఎన్‌రాస్ జన్యువులో క్యూ61హెచ్ మ్యుటేషన్ కూడా ఉంది. మందు కేరాస్‌ను అడ్డుకున్నా ఎన్‌రాస్ పెరుగుదల సంకేతాన్ని కొనసాగిస్తుంది కనుక, ఫలితం బలహీనంగా వస్తే తప్పు మందుదో లైన్‌దో తేలదు. ఎన్‌రాస్‌ను తొలగించిన ఎల్‌ఎల్‌సీ రూపాన్ని కొందరు పరిశోధకులు తయారు చేసుకున్నది ఇందుకే. ఆ పనికి నేను సిఫారసు చేసేదీ ఆ రూపాన్నే.

కేరాస్‌లోనే జీ12వీ అనే మరో మార్పు ఉన్న సీఎంటీ167 లైన్ నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది. ఈ కణాలను ఊపిరితిత్తిలోనే నాటితే పీడీ-1 నిరోధకాలకు (రోగనిరోధక కణాలపై ఉండే కళ్లెం వదిలించే మందులకు) బాగా స్పందిస్తాయి, చర్మం కింద నాటితే ఆ స్పందన తగ్గుతుంది. అందువల్ల మ్యుటేషన్ల జాబితా ఒక్కటే చూసి ఏ లైన్‌పైనా తీర్పు చెప్పలేము.

కేరాస్ జీ12డీ మార్పును, కణితులను అడ్డుకునే పీ53 జన్యువు లోపాన్ని జన్యుమార్పిడితో కలిగించిన ఎలుకల కణితుల నుంచి తీసిన కేపీ లైన్ల పుట్టుక స్పష్టంగా తెలుసు కనుక వాటి జన్యుచిత్రం శుభ్రంగా ఉంటుంది. లోటు కూడా అందులోనే ఉంది: పొగాకు పొగ మనిషి కణితిలో మిగిల్చే మ్యుటేషన్ల రాశి వీటిలో లేదు. రోగనిరోధక వ్యవస్థ కణితిని గుర్తుపట్టడానికి అలాంటి మ్యుటేషన్లు తోడ్పడతాయి కనుక, రోగనిరోధక చికిత్సను పరీక్షించేవారు వీటి మౌనాన్ని మందు వైఫల్యంగా చదవకూడదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మరో రకమైన స్క్వామస్ రకానికి వాడే కేఎల్‌ఎన్205 లైన్ డీబీఏ/2 అనే వేరే జాతి ఎలుకల నుంచి వచ్చింది. అందుకే దాని ఫలితాలను పై లైన్ల ఫలితాల పక్కన నేరుగా పెట్టి పోల్చడం కుదరదు.

ఏ లైన్ తెచ్చుకున్నా మొదటి పాసేజీలలోనే (కణాలను కొత్త పాత్రలోకి మార్చే విడతలలోనే) కొన్ని వయల్స్‌ను (చిన్న సీసాలను) ఘనీభవింపజేసి దాచి, ఎస్‌టీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షతో గుర్తింపును, విడిగా కణాలలో కలుషితంగా చేరే మైకోప్లాస్మా బ్యాక్టీరియాను, కేరాస్, ఎన్‌రాస్, పీ53 జన్యువులను తనిఖీ చేయించాలి. పాసేజీలు పెరిగేకొద్దీ క్రోమోజోములు మారుతుంటాయి కాబట్టి ఈ తనిఖీని అప్పుడప్పుడు తిరిగి చేయాల్సిందే.