సైనిక్‌పురిలో మా ఇటుకల వాకిలి మరమ్మతు: పని చేసిన మేస్త్రీ బృందంపై నా సమీక్ష

హైదరాబాద్ సైనిక్‌పురిలోని మా ఇంటి ముందు, గేటు నుంచి గుమ్మం దాకా సుమారు 340 చదరపు అడుగుల వాకిలి ఉంది. 2011లో ఇల్లు కట్టించినప్పుడు సిమెంటు పేవర్లు (నేల మీద పరిచే సిమెంటు బ్లాకులు) వద్దనుకొని, బాగా కాలిన వైర్‌కట్ మట్టి ఇటుకలను, అంటే యంత్రంలో నొక్కిన మట్టిని తీగతో కోసి కాల్చినవాటిని, జడ అల్లినట్టు పరిపించాము. ఎండాకాలం సాయంత్రం నీళ్లు చల్లితే ఆ ఇటుకల నుంచి వచ్చే మట్టి వాసన కోసమే ఆ నిర్ణయం తీసుకున్నామని చెప్పినా తప్పు కాదు. తొమ్మిదేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2020 అక్టోబర్ 13న నగరాన్ని ముంచెత్తిన వాన తరువాత మాత్రం, నీటి సంపు పక్కన వాకిలి కుంగడం మొదలై, మూడేళ్లలో అక్కడ రెండు తట్టల నీళ్లు నిలిచేంత పల్లం ఏర్పడింది. ఒక ఉదయం ముగ్గు వేయడానికి వంగిన మా అత్తయ్యగారు అక్కడి పాచి మీద కాలు జారి పడ్డారు. మణికట్టు బెణకడంతోనే సరిపోయింది గానీ, ఆ రోజు నుంచి వాకిలిని చూస్తే నాకు భయమే కలిగేది.

మొదట పిలిపించిన ఒక కాంట్రాక్టరు పల్లంలో సిమెంటు కలిపిన ఇసుక పోసి, దాని మీదే ఇటుకలు పెట్టి, సందులన్నింటినీ సిమెంటు పాలతో పూడ్చి వెళ్లాడు. చూడటానికి నున్నగానే ఉంది. ఇసుక పరుపు మీద వేసిన ఇటుకలు ఎండకూ వానకూ కొద్దికొద్దిగా కదులుతాయి, వాన నీరు కొంత ఆ సందుల గుండానే దిగిపోతుంది. సందులను సిమెంటుతో బిగించేసరికి ఆ రెండింటికీ చోటు లేకుండా పోయింది. ఒక్క వానాకాలంలోనే సిమెంటు పగిలింది, పగుళ్లలోంచి దిగిన నీరు కింద నిలిచింది, కుంగుడు మళ్లీ మొదలైంది. రెండోసారి పిలిస్తే, మొత్తం పీకేసి 60 మిల్లీమీటర్ల సిమెంటు బ్లాకులు వేసుకోవడమే మార్గమని ఆయన తేల్చేశాడు.

నేను సమీక్షిస్తున్నది ఆ తరువాత, నిరుడు ఫిబ్రవరిలో, మా పక్కింటివారి ద్వారా వచ్చిన నేరేడ్‌మెట్ మేస్త్రీ బృందం పనిని. పెద్ద మేస్త్రీ, ఇద్దరు కూలీలు, అంతే. వారి మీద నాకు నమ్మకం కలిగింది మొదటి పది నిమిషాల్లోనే. రేటు చెప్పకముందే ఆయన ఒక బకెట్ నీళ్లు అడిగి, గుమ్మం దగ్గర నెమ్మదిగా పోసి, నీరు ఎటు పోతుందో చూస్తూ నిలబడ్డారు. నీరు గేటు వైపు కాకుండా సంపు వైపు మళ్లి, అక్కడి నుంచి గోడ మొదట్లోకి చేరింది. తరువాత అంచున ఉన్న ఒక ఇటుక చుట్టూ సిమెంటును ఉలితో రాల్చి, రెండు సన్నటి ఇనుప బద్దలను రెండు వైపులా సందులో దూర్చి, ఇటుకను నిటారుగా పైకి లేపారు. కింద ఇసుక నల్లగా, తడిగా, చీమల బొరియలతో ఉంది. ఆయన చూపుడు వేలు గుచ్చితే రెండో కణుపు దాకా దిగింది. "ఇటుకది తప్పేం లేదమ్మా, కింద మట్టి కూర్చున్నది. ఇది తీయకుంటే మీద ఎన్నిసార్లు చేసినా అంతే" అన్నారు. రెండేళ్లుగా నాకెవరూ చెప్పని మాట అది.

మర్నాడు 120 చదరపు అడుగుల మేర ఇటుకలు లేపి తవ్వితే అసలు కారణం బయటపడింది. సంపు పైపు కోసం తవ్విన కాలువను, ఇల్లు కట్టిన రోజుల్లోనే, ఇటుక ముక్కలు, చెక్క పేళ్లు, వదులు మట్టితో ఒకేసారి నింపి వదిలేశారు. చెక్క కుళ్లింది, మట్టి అణిగింది, పైన ఉన్న ఇటుకలు ఆ ఖాళీలోకి దిగాయి. ఈ బృందం ఆ చెత్త మొత్తం తీసేసి, మొరం, కంకర కలిపి నాలుగేసి అంగుళాల పొరలుగా నింపుతూ, ప్రతి పొరనూ నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టారు. పల్లాన్ని ఇసుకతోనే నింపేస్తే పని సగం రోజులో అయిపోయేది. కానీ ఇటుక కింద ఇసుక ఒకటిన్నర అంగుళం మించితే అది మళ్లీ పక్కకు జరిగి కుంగుతుందని, ఎత్తు పెంచాలంటే కంకరతోనే పెంచాలని మేస్త్రీ పట్టుబట్టారు. ఈ ఒక్క పట్టుదలకే నేను వారికి పూర్తి మార్కులు వేస్తాను.

గుమ్మం నుంచి గేటుకు పది అడుగులకు రెండు అంగుళాల వాటం ఉండేలా దారాలు కట్టి, లెవెల్ పైపుతో సరిచూసి, ఇటుకలను పాత అల్లికలోనే తిరిగి పరిచారు. పై ముఖం అరిగిన ఇటుకలను తిరగేసి వేయడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే పదమూడేళ్లుగా నేల వైపు ఉన్న ముఖం ఇంకా కొత్తగానే ఉంది. వేప చెట్టు వైపు అంచుకు ఆధారం లేక ఇటుకలు బయటికి జరుగుతున్నాయని గుర్తించి, అక్కడ సన్నటి కాంక్రీటు కట్ట పోశారు. చివరగా అద్దెకు తెచ్చిన ప్లేట్ కంపాక్టర్‌ను (అదురుతూ నేలను అణిచే యంత్రాన్ని), ఇటుకల అంచులు విరగకుండా కింద రబ్బరు చాప బిగించి నడిపి, ఎండబెట్టిన సన్న ఇసుకను సందుల్లోకి ఊడ్చి, మళ్లీ నడిపి, మళ్లీ ఊడ్చారు. తడి ఇసుక సందు పైభాగంలోనే ఆగిపోతుంది కాబట్టి, ఇసుక ఎండేదాకా ఒక పూట పని ఆపారు.

లోపాలు లేవని చెప్పను. సిమెంటు అంటుకుని విరిగిన 47 ఇటుకల స్థానంలో మొదట మామూలు గోడ ఇటుకలు తెచ్చారు. గోడ ఇటుక తన బరువులో 20 శాతం దాకా నీరు పీల్చుకోవచ్చని ప్రమాణాలే అనుమతిస్తాయి, అలాంటిది వానలో నానుతూ కాళ్ల కింద నలిగితే త్వరగా పొడి రాలుతుంది. నేను ఒప్పుకోకపోవడంతో వైర్‌కట్ ఇటుకలు తెచ్చారు, కానీ రంగు కొంచెం ముదురు. వాటిని ఒకేచోట గుంపుగా వేయడం వల్ల అతుకు వేసినట్టు కనిపిస్తుంది, పాత ఇటుకల మధ్య చెదరగొట్టి వేసి ఉండవలసింది. మూడు రోజులన్న పని ఐదు రోజులు పట్టింది. అంచు కట్ట ఖర్చు ముందుగా చెప్పలేదు. అన్నీ కలిపి 14,500 రూపాయలు ఇచ్చాను, మొత్తం మార్చడానికి అయ్యేదానితో పోలిస్తే ఇది చాలా తక్కువ.

మెరుపు కోసం ఇటుకల మీద లాకర్ పూత వేయాలా అని అడిగితే, లోపలి తడి బయటికి రాక పొర పొట్టు లేస్తుందని వద్దన్నారు, అదనపు సంపాదనను వదులుకుని మరీ. ఇటుకల మీద తేలిన తెల్లటి ఉప్పును యాసిడ్‌తో కడగవద్దని, పొడి బ్రష్షుతో రుద్ది ఎత్తేయమని చెప్పారు. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే దిగుతుంది. ఒత్తిడితో నీళ్లు కొట్టే యంత్రాన్ని సందులకు గురిపెడితే ఇసుకంతా లేచిపోతుందని కూడా హెచ్చరించారు. పాచికి ఈనెల చీపురు, గడ్డికి గింజ పట్టకముందే వేళ్లతో సహా పీకడం, ఇంతకుమించి నేను ఏమీ చేయడం లేదు.

ఒక వానాకాలం గడిచింది. సంపు పక్కన చుక్క నీరు నిలవలేదు. వానలు వెలిశాక వచ్చి సందుల్లో ఇసుక మరోసారి నింపుతామన్న మాట మాత్రం వారు నిలబెట్టుకోలేదు. రెండుసార్లు ఫోన్ చేసి, చివరికి ఒక బస్తా ఇసుక తెప్పించి నేనే నింపుకున్నాను. అయినా గేటు వైపు మిగిలిన భాగాన్ని కూడా వారికే అప్పగించాను, ఈసారి ఇటుకల రకం, అంచు ఖర్చు, రెండో ఇసుక సంగతి కాగితం మీద రాయించుకుని. పిలిపించదలచినవారు వానలు తగ్గాక, దసరా నుంచి వేసవి మొదలయ్యే దాకా ఉన్న నెలల్లో, కనీసం రెండు వారాల ముందు చెప్పాలి.