గుడ్లగూబ ఎటు చూస్తోంది? ఐవర్ జాన్సన్ .38తో తొమ్మిదేళ్ళు

తొమ్మిదేళ్ళ కిందట, ఇక్కడ టెక్సస్‌లో, ఒకే నెలలో ఐవర్ జాన్సన్ అనే కంపెనీ చేసిన సేఫ్టీ ఆటోమేటిక్ రివాల్వర్లు రెండు కొన్నాను. రెండూ .38 బోరువి, రెండూ అయిదు తూటాలవి, రెండూ మసాచుసెట్స్‌లోని ఫిచ్‌బర్గ్‌లో చేసినవే. పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉంటాయి. ఒకదాంతో ఇప్పటికి ఆరొందల తూటాల దాకా కాల్చాను. రెండోదాంతో ఒక్కటీ కాల్చలేదు, కాల్చను కూడా.

తేడా తెలిసేది పిడి మీదున్న గుడ్లగూబ బొమ్మలో. పాత మోడళ్ళలో అది బ్యారెల్ వైపు చూస్తుంది. 1909 నుంచి వచ్చిన మూడో మోడల్లో తల తిప్పుకుని కాల్చేవాడి వైపు చూస్తుంది. పాతవి పాతకాలపు నల్ల తుపాకిమందుకి చేసినవి, మూడోది ఒత్తిడి ఎక్కువ పుట్టించే పొగరాని మందుకి. 1901లో బఫెలోలో అధ్యక్షుడు మెకిన్లీ మీద పేలింది కూడా పాతరకం .32 ఐవర్ జాన్సనే. అయితే వందేళ్ళలో పిడి చెక్కలు ఎవరెవరు మార్చారో ఎవరికి తెలుసు? అందుకే నేను స్క్రూ విప్పి లోపల చూస్తాను. హ్యామర్ స్ప్రింగు బద్దలా ఉంటే పాతది, చుట్టలా ఉంటే కొత్తది. నా రెండోదాంట్లో బద్ద ఉంది. అది గాజు బీరువాలోకి పోయింది.

ఇక తూటాల సంగతి. మొదట్లో ఒక దుకాణదారు ".38 అంటే .38యే కదా" అని .38 స్పెషల్ అనే వేరేరకం తూటాల డబ్బా నా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి కొలిచాను. దీనికి కావలసింది .38 స్మిత్ అండ్ వెస్సన్ తూటా. దాని కేసు, అంటే మందుండే లోహపు గొట్టం, పొడవు 0.775 అంగుళం, స్పెషల్‌ది 1.155. గుండు అడ్డుకొలత కూడా ఒకటి కాదు: దీనిది .361, స్పెషల్‌ది దాదాపు .358. మామూలుగా స్పెషల్ పూర్తిగా లోపలికి దిగదు. కానీ సిలిండర్‌లో తూటాలు కూర్చునే గదులు ఎవరో తొలిచేసిన పాత తుపాకీలో దిగిపోతుంది, అసలు భయం అక్కడే. ఒత్తిడి పరిమితి దీనికి 14,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), స్పెషల్‌కి 17,000. ఆ డబ్బా మర్నాడే తిరిగిచ్చేశాను. నేను వాడేది కంపెనీ చేసిన 145 గ్రెయిన్ల సీసపు గుండు తూటాలే. మెల్లగా పోతాయి, ఖరీదెక్కువ, ఊళ్ళో దొరకవు.

ఈ రకం తుపాకీకి ముందు అరిగేది బ్యారెల్ కాదు, పైనున్న గడియ, కిందున్న కీలు. మధ్యలోకి విరిచి తెరిచేది కాబట్టి పేలిన ప్రతిసారీ దెబ్బంతా ఆ రెండింటి మీదే పడుతుంది. రాజమండ్రిలో మా మేనమామ దగ్గర లైసెన్సు మీద ఉండే కాన్పూరు .32 కూడా ఇలాంటిదే. ఆయన దాన్ని సినిమాల్లోలా మణికట్టు విదిలించి మూసేవాడు. ఇప్పుడు తలుచుకుంటే పళ్ళు జివ్వుమంటాయి. మూసేటప్పుడు రెండు చేతులూ వాడాలి. తెరిచేటప్పుడు మాత్రం ఒక్క ఊపున తెరవాలి, మెల్లగా తెరిస్తే ఖాళీ కేసు, కేసుల్ని బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు బిళ్ళ కిందికి జారి ఇరుక్కుంటుంది. దాన్ని గోటితో పీక్కోవడం నా ఖర్మ.

నాలుగొందలు దాటాక ఒకరోజు పేల్చగానే పక్కన నిలబడ్డ మా బావమరిది "అబ్బా!" అన్నాడు. ముంజేతి మీద ఆవగింజంత సీసపు తునక అతుక్కుంది. సిలిండర్ గది బ్యారెల్‌కి సూటిగా రావడం లేదన్నమాట. గుండు అంచు చెక్కుకుపోయి పక్కకి చిమ్ముతోంది. సిలిండర్‌ని తిప్పే చిన్న కొక్కెం అరిగిందని ముసలి గన్‌స్మిత్ తేల్చి కొత్తది పెట్టాడు. దాని ఖరీదు తుపాకీ ఖరీదుకి దగ్గరదగ్గరగా వచ్చింది. అప్పట్నుంచి కళ్ళద్దాలు లేకుండా పక్కన ఎవరినీ నిలబడనివ్వను.

కాల్చేముందు ప్రతిసారీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, మూసి, ట్రిగ్గర్ నొక్కిపట్టి సిలిండర్‌ని వేలితో కదిపి చూస్తాను. కుదురుగా ఉండాలి. తర్వాత బ్యారెల్‌ని, పిడిని చెరో చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపుతాను. చివర కిటికీ వెలుగుకి ఎదురుగా పెట్టి గడియ కింద సందు చూస్తాను.

మొన్న ఆదివారం అక్కడ వెంట్రుకంత వెలుగు గీత కనిపించింది, పోయినేడు లేదు. తూటాల డబ్బా మూసి బీరువాలో పెట్టేశాను. గన్‌స్మిత్ దగ్గర వచ్చే నెలకి వంతు దొరికింది.