మా యూనివర్సిటీ హెల్త్ సెంటర్: వారంలో అయిదు రోజులు నాలుగు స్టార్లు, శని ఆదివారాలు సున్నా

పీజీలో చేరాక జ్వరాలకీ జలుబులకీ కాకుండా వేరే పనుల మీద మా హెల్త్ సెంటర్‌కి నాలుగు సార్లు వెళ్లాను. పీరియడ్స్ సమస్యలు, గర్భనిరోధక మాత్రలు, లైంగిక వ్యాధుల పరీక్షలు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ వ్యాక్సిన్, అన్నీ అక్కడే, స్టూడెంట్ ఐడీ చూపిస్తే చాలు. జూనియర్లు "అక్కా, అక్కడికి వెళ్లొచ్చా, ఎవరికైనా తెలిసిపోతుందా" అని పదే పదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ముందు గుమ్మం దగ్గర పేరు రాయించుకునే కిటికీ సంగతి. లోపలికి వెళ్లాలంటే రిజిస్టర్‌లో పేరు, రూమ్ నంబర్, "కారణం" రాయాలి. ఆ పెద్ద పుస్తకం అందరికీ కనపడేలా తెరిచే ఉంటుంది, మీ ముందు వచ్చిన ఇరవై మంది కారణాలు మీరు చదవచ్చు, మీ తర్వాత వచ్చే ఇరవై మంది మీది చదవచ్చు. అది చాలదన్నట్టు అక్కడ కూర్చునే ఆయన "ప్రాబ్లం ఏంటమ్మా?" అని వరండా చివరిదాకా వినపడేలా అడుగుతాడు. మనిషి చెడ్డవాడేం కాదు, గొంతే అంత. మొదటిసారి నా వెనక మా ల్యాబ్ అబ్బాయి నిలబడి ఉన్నాడు, నా నోట్లోంచి "తలనొప్పి" అని వచ్చేసింది. లోపల డాక్టర్‌గారు పాపం కళ్లలో టార్చ్ వేసి, మెడ వంచి, నిద్ర సరిగ్గా పడుతోందా అని అయిదు నిమిషాలు తల చుట్టూనే తిరిగారు. అప్పుడు చెప్పాను, మేడమ్, తలనొప్పి లేదు, మూడు నెలలుగా పీరియడ్స్ రాలేదు అని. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. టార్చ్ పక్కన పెట్టి, కాగితం తిప్పి మొదటి నుంచి రాసుకున్నారు. నాకు ఆ సెంటర్ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ముందు యూరిన్‌తో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేశారు, అనుమానంతో కాదు, పీరియడ్స్ ఆగాయని ఎవరొచ్చినా మొదట చూసేది అదేనట. తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్, మగ హార్మోన్ల రక్త పరీక్షలు, స్కానింగ్. చివరికి పీసీఓఎస్ అని తేలింది, అంటే హార్మోన్ల తేడా వల్ల పీరియడ్స్ గాడి తప్పే సమస్య. అంతకు ముందే మా రూమ్మేట్‌కి బయట ఎవరో స్కానింగ్ ఒక్కటే చూసి ఆ పేరు పెట్టేశారు కాబట్టి దీన్ని ఎలా నిర్ధారిస్తారని ఈవిడని గుచ్చి గుచ్చి అడిగాను. పీరియడ్స్ సక్రమంగా రాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువగా ఉండటం, స్కానింగ్‌లో అండాశయాల నిండా చిన్న చిన్న బుడగల్లాంటివి కనిపించడం, ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి, పైగా థైరాయిడ్ లాంటి మిగతా కారణాలు లేవని తేల్చుకోవాలి, ఒక్క స్కానింగ్‌తో చెప్పేస్తే కుదరదు అన్నారు. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లలో నూటికి సుమారు పది మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నేనొక్కదాన్నే కాదని తెలిసి టెన్షన్ సగం దిగింది.

ఇప్పుడు సున్నా స్టార్ల కథ. ఒక శుక్రవారం రాత్రి పదకొండింటికి కండోమ్ చిరిగింది. ఫ్రెండ్ కథ కాదు, నాదే. హెల్త్ సెంటర్ తలుపు మీద "సోమ నుంచి శుక్ర, ఉదయం 10 నుంచి సాయంత్రం 4" అని బోర్డు, కింద ఇంకేమీ లేదు. లెక్క వేసుకోండి, సోమవారం పదింటికి తలుపు తీసేసరికి 59 గంటలు. ఇలాంటప్పుడు గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ పిల్‌గా ఎక్కువగా దొరికే లెవోనార్జెస్ట్రెల్ 72 గంటల్లోపు వేసుకోవాలి, అలాగని డెబ్భయ్యో గంటలో వేసుకున్నా మొదటి గంటలో వేసుకున్నా ఒకటే అనుకుంటే పొరపాటు. అది చేసేది అండం విడుదలని వెనక్కి నెట్టడం. అండం అప్పటికే విడుదలైపోతే అది పెద్దగా చేసేదేం లేదు. అందుకే ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. నాకు ఇదంతా తెలుసు కాబట్టి శనివారం పొద్దున్నే మందుల షాపుకి వెళ్లి కొనుక్కున్నాను. తెలియని వాళ్లు, లేదా షాపులో అడగడానికి మొహమాటపడే వాళ్లు బుద్ధిగా సోమవారం దాకా ఆగుతారు.

సోమవారం వెళితే డాక్టర్‌గారు చెప్పినవి: మాత్ర వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. నాకు పీరియడ్స్ ఎలాగూ టైముకి రావు కాబట్టి వాటి కోసం ఎదురుచూడకుండా మూడు వారాలకి ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవాలి. ఇక నేను అంతకు ముందు వినని సంగతి, యూలిప్రిస్టల్ అనే ఇంకో మాత్ర 120 గంటల వరకు పనిచేస్తుంది, అయిదు రోజుల్లోపు గర్భాశయంలో కాపర్ టీ వేయించుకుంటే అన్నిటికంటే గట్టి రక్షణ అదేనట. బాగా చెప్పారు. కానీ ఇదంతా శనివారం ఎవరు చెప్తారండీ? హెచ్ఐవీ సోకే ప్రమాదం ఉందనుకుంటే వాడే పెప్ మందులు కూడా 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. జ్వరమైతే సోమవారం దాకా ఆగుతుంది, ఇవి ఆగవు. ఈ మాటే రాసి ఫిర్యాదు పెట్టెలో వేశాను. నెల తర్వాత తలుపు మీద ఒక తెల్ల కాగితం వెలిసింది, శని ఆదివారాల్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో, ఫోన్ నంబర్‌తో. అక్షరాలు చీమల్లా ఉన్నాయి, అయినా ఉన్నాయి.

ఆ తర్వాత రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాను, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రెండు రకాల హార్మోన్లూ ఉన్నవి. దానికి లోపలి పరీక్షలేవో చేస్తారని భయపడి ఆగిపోయిన వాళ్లని చూశాను, అలాంటివేం చెయ్యలేదు. బీపీ చూశారు, సిగరెట్ తాగుతావా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా, తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తాయా అని అడిగారు. (నా పాత తలనొప్పి ఇద్దరికీ గుర్తొచ్చింది.) అలాంటి మైగ్రేన్ ఉంటే ఈ రకం మాత్రలు ఇవ్వరు, పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది కాబట్టి ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఉన్నవాటికి మారుస్తారు. యాంటీబయాటిక్స్ వేసుకుంటే ఇవి పనిచెయ్యవట కదా అంటే, మామూలు వాటితో ఏం కాదు, టీబీకి వాడే రిఫాంపిసిన్ లాంటి వాటితోనే ఇబ్బంది అన్నారు.

లైంగిక వ్యాధుల పరీక్షలకి మావాడు, అంటే నా బాయ్‌ఫ్రెండ్, కూడా వచ్చాడు. అబ్బాయిలకి ఏదో పుల్ల గుచ్చుతారని ఎవరో చెప్పారట, రెండు రోజులు నిద్రపోలేదు. తీరా చూస్తే ఒక కప్పులో యూరిన్, కాస్త రక్తం, అంతే. పరీక్షకి కనీసం గంట ముందు నుంచి యూరిన్‌కి వెళ్లకుండా ఉండాలి, ఆ సంగతి ఎవరూ ముందు చెప్పక అతను వరండాలో గంటసేపు కూర్చున్నాడు. ఆడవాళ్లకి స్వాబ్, అంటే దూది పుల్లతో తీసే శాంపిల్, అదీ బాత్రూమ్‌లో మనమే తీసుకోవచ్చు. క్లమీడియా అనే లైంగిక వ్యాధి చాలామందిలో ఏ లక్షణమూ లేకుండానే ఉంటుంది కాబట్టి నాకేం లేదులే అనుకోవడానికి లేదు. టైమింగ్ ఇక్కడ ఇంకో రకం, మర్నాడే పరిగెత్తుకొస్తే లాభం లేదు. క్లమీడియా, గనేరియా రెండు వారాలకి బయటపడతాయి, ల్యాబ్‌లో చేసే కొత్త తరం హెచ్ఐవీ పరీక్షకి 45 రోజులు, సిఫిలిస్‌కి 12 వారాలు ఆగితే గానీ లేదని గట్టిగా చెప్పలేరు. పార్ట్‌నర్ అబ్బాయా, అమ్మాయా, ఇద్దరూనా అని కూడా అడిగారు, రక్తం గ్రూపు ఏంటని అడిగినంత మామూలుగా.

అయితే గోడ నిండా గర్భిణుల పోస్టర్లే. అబ్బాయిలు అది తమకి కాదనుకుని గుమ్మంలోంచే వెనక్కి పోతున్నారు. హెచ్‌పీవీ వ్యాక్సిన్ అబ్బాయిలకీ ఉందని మావాడికి అక్కడే తెలిసింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో నూటికి 70 దాకా ఆ వైరస్‌లోని 16, 18 అనే రెండు రకాల వల్లే వస్తాయట. ఇప్పటికే సోకినదాన్ని వ్యాక్సిన్ తీసెయ్యదు, సోకని రకాల నుంచి కాపాడుతుంది.

ఉచిత కండోమ్‌ల డబ్బా ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. స్టాక్ బాగుందని కాదు, అది సరిగ్గా ఆ కిటికీ కిందే ఉంది, ఆయన చూస్తుండగా ఎవరు తీసుకుంటారు? పైగా మధ్యాహ్నం ఎండ నేరుగా దాని మీదే పడుతుంది, వేడికి రబ్బరు పాడైపోతుంది. బాత్రూమ్‌ల పక్కన పెడితే వారంలో ఖాళీ అవుతుంది.

మీరు వెళ్తే రిజిస్టర్‌లో "కన్సల్టేషన్" అని రాయండి, అడిగితే డాక్టర్‌గారితోనే మాట్లాడాలి అనండి, ఆయన ఇంకేమీ అడగడు. ఇంకో ముఖ్యమైన పని, రిపోర్ట్ రెడీ అని మెసేజ్ వచ్చేది అడ్మిషన్ అప్పుడు ఇచ్చిన నంబర్‌కి. నాది మా నాన్నది. అందులో ఏ పరీక్ష అని ఉండదు లెండి, అయినా ఆ సాయంత్రం "ఏ రిపోర్టే? ఒంట్లో బాలేదా?" అని ఫోన్. తలనొప్పి నాన్నా, అన్నాను.